పల్లెకే ముందు టీవీ చేరాలన్న విక్రం సారాభాయ్



ఈ వారం మీకు పరిచయం చేయదలచిన మహనీయులు పునీతుల జాబితాలోని వారు కారు, మన శ్రీసభకు చెందినవారూ కారు. అహ్మదాబాదులో ఒక జైన కుటుంబంలో పుట్టిన భౌతిక శాస్త్రవేత్త డాక్టర్ విక్రం అంబాలాల్ సారాభాయ్. రాకెట్లు, ఉపగ్రహాలు అనగానే మీ పిల్లలు ఆయన పేరు చెప్పేస్తారు, పాఠ్యపుస్తకాల్లో ఉంది కనుక. కాని మన నందివెలుగులోనో, రేపల్లె అవతలి ఒక లంకలోనో టీవీ పెట్టె వెలగడానికీ ఆయనకూ ఉన్న సంబంధం చాలామందికి తెలియదు. ఆ కథలో ఒక కతోలిక దేవాలయం ఉంది. మన తీరాన్ని ముంచిన ఉప్పెన కూడా ఉంది. అందుకే ఆయన జీవితాన్ని కొంచెం తీరికగా చెప్పుకుందాం.

ముందుగా యాంటెన్నా సంగతి చూడాలి. అది తెలియకపోతే ఆయన దేనికోసం పట్టుబట్టారో అర్థం కాదు.

మీలో నలభై అయిదు దాటినవారికి 1980వ దశకం నాటి డాబాలు గుర్తుండే ఉంటాయి. టీవీ కొన్న ఇల్లు ఏదో వీధి మొదట్లోనే తెలిసిపోయేది. పొడవాటి ఇనుప గొట్టం, అది లేనివారికి రెండు వెదురు గడలు కలిపి కట్టిన బొంగు, దాని కొనన చేప ముల్లులాంటి అల్యూమినియం చట్రం. గాలికి అది కాస్త ప్రక్కకు తిరిగిందంటే బొమ్మ చెదిరి తెర నిండా చీమలు పాకేవి. ఒకరు డాబా ఎక్కి గొట్టం తిప్పుతూ, ఒకరు కిటికీ దగ్గర నిలబడి, ఇంకొకరు టీవీ ముందు కూర్చుని కేకలు వేసుకుంటూ ఉండగానే సగం సినిమా అయిపోయేది. కాకి వాలినా కష్టమే.

ఆ చేప ముల్లును 1926 ప్రాంతంలో జపానులోని తొహోకు విశ్వవిద్యాలయంలో షింటారో ఉడా, హిడెట్సుగు యాగి అనే ఇద్దరు పరిశోధకులు రూపొందించారు. అందులో ఒక కడ్డీ, సంకేత తరంగం పొడవులో సుమారు సగం ఉండేది, సంకేతాన్ని పట్టుకుంటుంది. దాని వెనుక ఉన్న కొంచెం పొడవైన కడ్డీ అద్దంలా సంకేతాన్ని ముందుకు మరలిస్తుంది. ముందున్న పొట్టి కడ్డీలు సంకేతాన్ని దాని మీదికి నడిపిస్తాయి. కనుకనే అది ఒకే దిక్కుకు చూస్తుంది. ఆ దిక్కున టవరు ఉండాలి.

చిక్కు అంతా ఆ టవరుతోనే. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైనప్పటి నుండి డెల్టా అంతటా వినబడింది. రేడియో మధ్యతరంగాలు నేల వంపును అంటిపెట్టుకుని సాగగలవు కనుక అది సాధ్యమైంది. టీవీ తరంగాలకు ఆ ఓర్పు లేదు. అవి దాదాపు చూపులా తిన్నగా వెళతాయి. భూమి గుండ్రం కనుక కొంత దూరం పోయాక నేల క్రిందికి వంగిపోతుంది, తరంగం పైనుండి సాగిపోతుంది. 100 మీటర్ల టవరు నుండి సుమారు 40 కిలోమీటర్లు, 300 మీటర్ల టవరు నుండి సుమారు 70 కిలోమీటర్లు, అంతే. ఎత్తును మూడింతలు చేసినా దూరం రెండింతలైనా కాదు. హైదరాబాదులో ఒకే టవరు నిలిపి తెనాలికి నేరుగా బొమ్మ పంపాలంటే ఆ టవరు ఎత్తు సుమారు మూడు కిలోమీటర్లు ఉండాలి!

అందుకే మొదటి నుండీ టీవీవాళ్ళు ఎత్తైన చోట్ల కోసం వెతుక్కున్నారు. న్యూయార్కులో ఎంపైర్ స్టేట్ భవనం కట్టిన ఏడాది, 1931లోనే, దాని శిఖరాన ప్రయోగాలు మొదలయ్యాయి. పారిస్‌లో 1935లో ఐఫిల్ టవరు ఎక్కారు. లండన్‌లో గుట్ట మీది అలెగ్జాండ్రా ప్యాలెస్‌పై స్తంభం నిలిపి 1936 నవంబరు 2న బి.బి.సి. క్రమం తప్పని ప్రసారాలు ప్రారంభించింది. మన దేశంలో 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో, ఆకాశవాణి భవన్ మీద, 500 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటరుతో మొదలైంది. అది పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూ అందేది. రెండవ నగరం బొంబాయికి టీవీ చేరేసరికి 1972 అక్టోబరు 2 వచ్చింది. ఒక నగరం నుండి మరో నగరానికి పదమూడేళ్ళు! దేశంలో అయిదున్నర లక్షల పల్లెలు ఉన్నాయి. ఈ లెక్కన నందివెలుగు వంతు ఎప్పుడు రావాలి?

టవర్ల దారిలో వరుస తనంతట తానే ఏర్పడుతుంది. మొదట రాజధాని, తరువాత పెద్ద నగరాలు, తరువాత ఆ నగరాల చుట్టుప్రక్కల ఊళ్ళు, చివరకు, డబ్బు మిగిలితే, కొండల మధ్యనో సముద్రం ఒడ్డునో ఉన్న గ్రామాలు. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో ఆ వరుస పెట్టలేదు. ఖర్చు లెక్క వేస్తే అలాగే వస్తుంది. సారాభాయ్ ఆ వరుసను తలక్రిందులు చేయాలన్నారు. చదువు, వైద్యం, వ్యవసాయ సలహా ఇవేవీ అందని పల్లెకే టీవీ అవసరం ఎక్కువ కనుక దానికే ముందు అందాలన్నారు. ఎలా? టవరును నేల మీద కాక 36 వేల కిలోమీటర్ల ఎత్తున నిలిపి. అంత ఎత్తున భూమితో పాటే తిరిగే ఉపగ్రహానికి ఢిల్లీ ఎంత దూరమో నందివెలుగూ అంతే దూరం.

ఇలాంటి ఆలోచన ఒక కోటీశ్వరుని బిడ్డకు ఎలా కలిగింది?

1919 ఆగస్టు 12న విక్రం జన్మించారు. తండ్రి అంబాలాల్ సారాభాయ్ అహ్మదాబాదులో కాలికో బట్టల మిల్లు యజమాని. తల్లి సరళాదేవి. ఎనిమిది మంది పిల్లల కోసం ఇంటి ఆవరణలోనే ఒక బడి నడిపిన కుటుంబం అది. ఆ ఇంటి గురించి రెండు సంగతులు చెప్పాలి. 1915లో గాంధీజీ తన ఆశ్రమంలో ఒక హరిజన కుటుంబాన్ని చేర్చుకోగా దాతలందరూ సాయం మానివేశారు. ఆశ్రమం మూతపడే స్థితిలో ఒక షావుకారు కారులో వచ్చి, పేరు బయటపెట్టకుండా 13 వేల రూపాయలు చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. ఆయన అంబాలాలే అని తరువాత తెలిసింది. రెండవది: 1918లో మిల్లు కార్మికులు కూలి పెంచమని సమ్మె కట్టినప్పుడు యజమానుల వైపు అంబాలాల్ ఉంటే, కార్మికుల ముందు నిలిచిన స్త్రీ ఆయన సొంత అక్కగారు అనసూయాబెన్. గాంధీజీ ఆ సమ్మె కోసమే నిరాహారదీక్ష పట్టారు. అక్కాతమ్ముళ్ళు వీధిలో ఎదురెదురు పక్షాలు, ఇంట్లో ఒకే కుటుంబం. విక్రం పుట్టింది ఆ మరుసటి ఏడే. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్లవాడికి ధనం ఒక్కటే లోకం కాదని ఎవరూ ప్రత్యేకంగా బోధించనక్కరలేదు.

చదువు సంగతి క్లుప్తంగా చెబుతాను. కేంబ్రిడ్జిలో 1940లో పట్టం పుచ్చుకున్నారు. యుద్ధం వల్ల తిరిగి వచ్చి బెంగుళూరులో సర్ సి.వి. రామన్ గారి వద్ద విశ్వకిరణాల మీద పరిశోధన చేశారు. అక్కడే హోమీ భాభా పరిచయమయ్యారు. 1942లో నాట్యకళాకారిణి మృణాళిని గారిని వివాహమాడారు. యుద్ధం ముగిశాక మళ్ళీ కేంబ్రిడ్జి వెళ్ళి 1947లో డాక్టరేటు పొందారు. అదే సంవత్సరం నవంబరులో అహ్మదాబాదులో భౌతిక పరిశోధనాలయం ప్రారంభించారు. అప్పటికి ఆయన వయస్సు 28. ఒక కళాశాలలో రెండు మూడు గదులే దాని ఆస్తి. ఆ తరువాత బట్టల పరిశ్రమకు పరిశోధనా సంస్థ, 1961లో మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ, ఇలా ఒకదాని వెంట ఒకటి నెలకొల్పుతూ పోయారు.

ఇక తుంబా.

1962లో అంతరిక్ష పరిశోధనకు జాతీయ సంఘం ఏర్పడి సారాభాయ్ దానికి అధ్యక్షులయ్యారు. రాకెట్లు ఎగురవేయడానికి స్థలం కావాలి. భూమి అయస్కాంత మధ్యరేఖ కేరళలో తిరువనంతపురం దగ్గర సముద్రతీరం మీదుగా పోతుంది. ఆ రేఖకు పైన ఆకాశంలో ఒక విద్యుత్ ప్రవాహం ఉంది, దాన్ని పరిశీలించడానికి అంతకంటే అనువైన చోటు లేదు. వెతకగా తేలిన ఊరు తుంబా. బెస్తవారి పల్లె. అక్కడి వారు తరతరాలుగా కతోలికులు. ఊరి మధ్య పునీత మగ్దలా మరియమ్మ దేవాలయం, ప్రక్కనే గురువుల నివాసం, బడి, చుట్టూ కొబ్బరి తోపులు, గుడిసెలు.

దేవాలయాన్ని, ఊరిని అడిగి తీసుకోవడం ఎంత కష్టమో విచారణ నడిపేవారికి తెలుస్తుంది. ఒక సమాధుల దొడ్డి గోడ జరపాలంటేనే ఊరు రెండుగా చీలుతుంది. సారాభాయ్ తిరువనంతపురం మేత్రాసనానికి చెందిన బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరీరా గారి వద్దకు వెళ్ళారు. ఆ తరువాత జరిగినది మన రాష్ట్రపతిగా పనిచేసిన అబ్దుల్ కలాం గారు తన పుస్తకంలో వ్రాశారు. బిషప్ గారు వెంటనే ఔననలేదు, కాదనలేదు. ఆదివారం దివ్యపూజకు రమ్మన్నారు. పూజలో విశ్వాసుల ఎదుట విషయమంతా వివరించి, శాస్త్రజ్ఞుల పనికీ గురువుల పనికీ ఉన్న పోలిక చెప్పి, దేవుని ఇల్లు, గురువుల ఇల్లు, మీ ఇళ్ళు ఇవ్వగలరా అని అడిగారు. కాసేపు నిశ్శబ్దం. ఆ తరువాత సంఘమంతా ఒక్క గొంతుతో ఆమెన్ అన్నది.

పాఠకులారా, ఈ సంఘటనను చాలామంది బిషప్ గారి ఉదారతగా చెబుతారు. నాకు మాత్రం ఆ నిశ్శబ్దమే ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. ఇళ్ళు వదలవలసినవారు బిషప్ గారు కారు, ఆ బెస్తవారు. వల ఆరవేసుకునే ఇసుక, పడవ లాగే రేవు వదిలి వారు ప్రక్కనున్న పళ్ళితురకు తరలిపోయారు. అక్కడ వారికి కొత్త దేవాలయం లేచింది. పాత దేవాలయం శాస్త్రజ్ఞుల కార్యాలయమైంది. రాకెట్టు భాగాలను సైకిళ్ళ మీద మోసుకెళ్ళిన రోజులవి. 1963 నవంబరు 21 సాయంత్రం అమెరికా వారిచ్చిన రాకెట్టు ఒకటి అక్కడి నుండి ఎగిరి ఆకాశంలో సోడియం ఆవిరి వదలగా, చీకటి పడుతున్న వేళ నారింజ రంగు మేఘం కనిపించింది. సారాభాయ్ దేవాలయ కట్టడాన్ని కూల్చనివ్వలేదు. 1985 నుండి అది అంతరిక్ష ప్రదర్శనశాల.

1966 జనవరి 24న హోమీ భాభా ఆల్ప్స్ పర్వతాల్లో విమాన ప్రమాదంలో మరణించారు. ఆయన స్థానంలో అణుశక్తి సంఘానికి సారాభాయ్ అధ్యక్షులయ్యారు. మన తెలుగువారికి సంబంధించిన ఒక ముఖ్యమైన పని ఈ కాలంలోనే జరిగింది. 1967 ఏప్రిల్‌లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఇ.సి.ఐ.ఎల్., అణుశక్తి శాఖ క్రింద ఏర్పడింది. దాన్ని నడిపినవారు భీమవరం దగ్గరి మోగల్లులో జన్మించిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారు. అల్లూరి సీతారామరాజు వంశీకుల ఊరే ఆ మోగల్లు. హైదరాబాదులో ఎ.ఎస్. రావు నగర్ అనే పేట ఈయన పేరు మీదనే వెలసింది. ఇ.సి. టీవీ అనే పేరు పెద్దవారు మరచిపోయి ఉండరు.

అవి కరవు రోజులు. 1966, 67 సంవత్సరాల్లో బీహారు ఎండిపోయింది. దేశం అమెరికా గోధుమల కోసం ఓడల వైపు చూస్తోంది. అలాంటప్పుడు ఉపగ్రహమా అని అడిగినవారు మూర్ఖులు కారు. ఆకలితో ఉన్నవానికి బొమ్మల పెట్టె ఎందుకన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసిందే. సారాభాయ్ జవాబు మాటల్లో కాక ప్రయోగంలో ఉంది. 1967 జనవరి 26న ఢిల్లీ చుట్టుప్రక్కల 80 పల్లెల్లో సామూహిక టీవీలు పెట్టి రైతుల కోసం కృషి దర్శన్ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. ఆకాశవాణి, వ్యవసాయ పరిశోధనా సంస్థలతో కలిసి అణుశక్తి శాఖ అందులో చేయి వేసింది. అణుశక్తి శాఖకూ నాట్లకూ ఏమిటి సంబంధమని ఆశ్చర్యపోకండి. ఆయన క్రింద పనిచేసిన శాఖలన్నీ ఇలాగే తమ గట్టు దాటి పొరుగు చేలోకి వెళుతుండేవి.

ఆ తరువాత అమెరికా అంతరిక్ష సంస్థ నాసాతో కలిసి లెక్కలు వేయించారు. దేశమంతా టవర్లు కట్టుకుంటూ పోతే ఎంత, అన్ని పల్లెలకూ ఉపగ్రహం నుండి నేరుగా పంపితే ఎంత, రెండూ కలిపితే ఎంత? జనం కిక్కిరిసిన నగరాలకు టవర్లు, దూరపు పల్లెలకు ఉపగ్రహం, ఈ కలగలుపు పద్ధతే చౌక అని తేలింది. 1969లో ఢిల్లీలో జరిగిన ఒక అంతర్జాతీయ సభలో అభివృద్ధి కోసం టీవీ అనే వ్యాసంలో ఆయన తన వాదాన్ని వివరంగా ముందుంచారు. అదే సంవత్సరం ఆగస్టు 15న ఇస్రో ఏర్పడింది. సెప్టెంబరు 18న నాసాతో ఒప్పందం కుదిరింది. అమెరికావారు తమ ఉపగ్రహాన్ని ఒక సంవత్సరం పాటు మనకు చూపు అందే చోటికి జరిపి ఇస్తారు. కార్యక్రమాలు, నేల మీది యంత్రాలు, పల్లెల్లోని టీవీలు అన్నీ మనవే.

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివేటప్పుడు మాకొక పాత సూత్రం నేర్పేవారు. సంకల్పంలో మొదటిది ఆచరణలో చివరిది అవుతుంది. ఇల్లు కట్టేవాని మనసులో నివాసం మొదట ఉంటుంది, చేతికి మాత్రం పునాది రాయి మొదట తగులుతుంది, నివాసం చివరకు గాని రాదు. సారాభాయ్ పని చూస్తే నాకు ఈ సూత్రం గుర్తుకు వస్తుంది. ఆయన సంకల్పంలో పల్లె మొదటిది. చేతికి మాత్రం సోడియం ఆవిర్లు, ఒప్పంద పత్రాలు, శ్రీహరికోట ముళ్ళపొదలే తగిలాయి. మన నెల్లూరు తీరంలోని ఆ దీవిని 1969లో ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుండి మొదటి చిన్న రాకెట్టు లేచింది. అది ఆయన బ్రతికుండగా జరిగింది.

మిగిలినది చూడలేదు. 1971 డిసెంబరు నెలాఖరులో తుంబా వెళ్ళి, అక్కడి పనులు పరిశీలించి, రాత్రి కోవళంలోని విడిదిలో పడుకున్నారు. 30వ తేదీ ఉదయం లేవలేదు. వయస్సు 52. నిద్రలోనే గుండె ఆగింది. అణుశక్తి, అంతరిక్షం రెండింటి భారమూ ఒక్కరి మీదే ఉండడం సరికాదని అప్పటికే అణుశక్తి వర్గాల్లో విమర్శలు ఉన్నాయి. ఆ విమర్శలో న్యాయం లేకపోలేదు. ఆయన మరణం తరువాత ఆ రెండు బాధ్యతలనూ వేర్వేరు వ్యక్తులకు అప్పగించారు.

ఆయన పోయిన మూడున్నర సంవత్సరాలకు, 1975 ఆగస్టు 1న, ఆ ప్రయోగం ప్రారంభమయింది. దాన్నే సైట్ అని పిలిచారు. ఎ.టి.ఎస్.-6 అనే ఉపగ్రహం తూర్పు ఆఫ్రికా మీది ఆకాశంలో నిలిచింది. దాని గొడుగు విప్పితే 9 మీటర్ల వెడల్పు. అహ్మదాబాదు నుండి పైకి పంపిన కార్యక్రమం అక్కడి నుండి ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు దిగింది. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. బొమ్మ ఒక్కటే, దానితో పాటు రెండు భాషల్లో మాట పంపే ఏర్పాటు ఉంది. అలా తెలుగు మొదటిసారి ఆకాశం నుండి పల్లె తెర మీదికి దిగింది. రోజుకు నాలుగు గంటలు: ఉదయం బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు. తెలుగు కార్యక్రమాలు తయారుచేయడానికి హైదరాబాదులో ఒక కేంద్రం పెట్టారు. అప్పటికి హైదరాబాదు నగరవాసులకు ఇంటి టీవీ లేదు, గమనించారా! రాజధాని కంటే ముందు మారుమూల పల్లె చూసింది. మన డెల్టా ఆ జాబితాలో లేదు. కాలువలున్న ప్రాంతం కంటే వెనుకబడిన మెట్ట ప్రాంతాల వైపే చూశారు. అదీ సారాభాయ్ పెట్టిన వరుసే.

పల్లెలో దాన్ని పట్టుకున్న యాంటెన్నా చేప ముల్లు కాదు. మూడు మీటర్ల వెడల్పు గిన్నె. దానికి ఇనుప రేకు వాడితే బరువూ ఖర్చూ ఎక్కువ, గాలికి నిలవదు. ఇస్రో ఇంజనీర్లు కోళ్ళ గూళ్ళకు కట్టే తీగ వలను చట్రం మీద బిగించారు. కన్నాలున్న వల సంకేతాన్ని ఎలా ఆపుతుందని మీరు అడగవచ్చు. ఆ తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు, అంటే మూరకు కొంచెం తక్కువ. వల కన్నం దాని ముందు ఎంత? మీ వాకిట కోళ్ళ గూటిలోంచి కోడిపుంజు దూరలేనట్లే ఆ తరంగమూ దూరలేదు. పల్లెలకు టీవీ పెట్టెలను హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసింది. కరెంటు లేని ఊళ్ళలో కొన్ని బ్యాటరీల మీద నడిచాయి. ఇలాంటి ఉపగ్రహాలను 1945లోనే ఊహించి వ్రాసిన ఆర్థర్ క్లార్క్ అప్పుడు కొలంబోలో ఉండేవారు. ఆయన ఇంటి మీద కూడా మన ఇంజనీర్లు అలాంటి యాంటెన్నా ఒకటి నిలిపి వచ్చారు.

1976 జూలై 31న గడువు తీరింది. ఉపగ్రహాన్ని అమెరికా వెనక్కు తీసుకుంది. ఏడాది పాటు కలకలలాడిన రచ్చబండల దగ్గర పెట్టె నల్లబడింది. ప్రయోగం అన్న మాటకు ఒక పరిమితి ఉంటుందని తెలుసు, అయినా రుచి చూపి పళ్ళెం లాగేసుకోవడం న్యాయమేనా అన్న ప్రశ్న నన్ను వదలదు. కొంత ప్రాంతానికి మాత్రం టవర్లు వచ్చాయి. 1977లో హైదరాబాదులో దూరదర్శన్ ప్రారంభమయింది. 1982 ఏషియన్ క్రీడలకు రంగుల టీవీ వచ్చింది. 1983 ఆగస్టు 30న అమెరికా వ్యోమనౌకలో ఇన్‌శాట్‌-1బి పైకి వెళ్ళింది. 1984లో కొన్ని నెలల పాటు రోజుకొకటి చొప్పున 100 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్లు దేశంలో లేచాయి. ప్రతి దాని ప్రక్కన ఒక పెద్ద గిన్నె ఉపగ్రహం వైపు చూసేది, పట్టుకున్నదాన్ని చిన్న టవరు చుట్టూ వెదజల్లేది. మన డాబాల మీది చేప ముళ్ళు ఆ టవర్ల కోసం లేచినవే.

ఇది సారాభాయ్ కోరిన కలగలుపు పద్ధతి అవునా? యంత్రం వరకు అవును. వరుస విషయంలో కాదు. ట్రాన్స్‌మిటర్లు పట్టణాల్లో నిలిచాయి, కార్యక్రమాలు ఎక్కువగా ఢిల్లీ నుండి వచ్చాయి. రైతు కార్యక్రమం పోయి ప్రకటనలు వచ్చాయి అంటే అతిశయోక్తి అవుతుంది, రైతు కార్యక్రమం మిగిలే ఉంది, చూసేవారు తగ్గారు. 2004 డిసెంబరులో దూరదర్శన్ నెల రుసుము లేకుండా నేరుగా ఇంటి గిన్నెకు ప్రసారాలు మొదలుపెట్టింది. ఆ తరువాతి సంవత్సరాల్లో పాత పద్ధతి ట్రాన్స్‌మిటర్లను ఒక్కొక్కటిగా ఆపి, 2022 నాటికి కొద్దింటిని మాత్రం మిగిల్చింది. చేప ముల్లు పని అయిపోయింది. సైట్ పల్లెలో మూడు మీటర్లున్న గిన్నె ఇప్పుడు మన కిటికీ ఊచకు తగిలించేంత చిన్నదైంది.

చెప్పవలసినది ఇంకొకటి ఉంది. ఇన్‌శాట్‌కు టీవీ ఒక్కటే పని కాదు. టెలిఫోను, వాతావరణ చిత్రాలు కూడా అదే ఉపగ్రహం చూసేది. అంత పెద్ద ఉపగ్రహం మనకు కావాలన్న ఆలోచన సారాభాయ్ కాలంలోనే మొదలైంది.

1977 నవంబరు 19. ఆ తేదీ బాపట్ల, రేపల్లె, నిజాంపట్నం వైపు పెద్దవారికి వేరే చెప్పనక్కరలేదు. నదికి ఆవల దివిసీమలో తాటిచెట్టంత అల వచ్చిందని బ్రతికి బయటపడినవారు చెప్పేవారు. చనిపోయినవారు పదివేలకు తక్కువ కారు. బాపట్లలో ప్రార్థనాలయంలో తలదాచుకున్నవారి మీద ఆ కట్టడమే కూలింది. అప్పుడు మనకు సొంత వాతావరణ ఉపగ్రహం లేదు. రేడియోలో హెచ్చరిక వచ్చినా, గాలికి తీగలు తెగి, రేడియో లేని గుడిసెలకు, చేలలో ఉన్న కూలీలకు అది చేరవలసినట్లు చేరలేదు. చివరి గుడిసెకు మాట చేరడం ఎంత ముఖ్యమో లెక్కల్లో కాక శవాల్లో తెలిసింది.

1980వ దశకం మధ్యలో ఇన్‌శాట్ ద్వారా పనిచేసే తుఫాను హెచ్చరిక పెట్టెలను దక్షిణ కోస్తాలోను, తమిళనాడు ఉత్తర తీరంలోను పెట్టసాగారు. ఒక చిన్న గిన్నె యాంటెన్నా, దాని క్రింద ఒక పెట్టె. మద్రాసులోని తుఫాను హెచ్చరిక కేంద్రం ఏ జిల్లాను ఉద్దేశిస్తే ఆ జిల్లా పెట్టెలే మేల్కొనేవి. ముందు సైరన్ మోగేది, ఆ తరువాత స్థానిక భాషలో మాట వినిపించేది. టెలిఫోను తీగలు తెగినా దానికి అడ్డు ఉండేది కాదు.

1990 మే 9న మళ్ళీ అంతటి తుఫాను కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఇన్‌శాట్ దాన్ని రోజుల ముందు నుండే చూస్తూ వచ్చింది, పెట్టెలు మోగాయి, లక్షకు పైగా జనాన్ని తీరం నుండి తరలించారు. పంటలు, ఇళ్ళు, పశువులు చాలా పోయాయి. మరణాలు 967 అని లెక్క తేలింది. అప్పటికి సారాభాయ్ మరణించి పద్దెనిమిది సంవత్సరాలు దాటింది.